ఊరి కాలేజీలో పటాల చదువు



అమెరికాలో పటాల సాంకేతికత నేర్వడానికి పెద్ద విశ్వవిద్యాలయానికే వెళ్లనక్కర్లేదు. పగలు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) సర్టిఫికెట్ చదివేవాళ్లున్నారు. ఈ చదువుకు ఊతంగా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో 2008లో జియోటెక్ సెంటర్ ఏర్పడింది. మొదట దాని నెలవు టెక్సస్‌లోని డెల్ మార్ కాలేజీ. ఈ రంగంలో పనిచేసేవారికి ఏ నైపుణ్యాలు కావాలో చెప్పే నమూనాను అమెరికా కార్మిక శాఖ 2010లో విడుదల చేసింది.

ఆ సంగతి మనకిప్పుడెందుకు?

2021లో మన దేశం పటాల తయారీపై ఆంక్షలు సడలించింది. 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. 2020 డిసెంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలో డ్రోన్లు పొలాల మీద తిరిగాయి. డ్రోన్ తీసిన చిత్రాన్ని గట్టుతో, రికార్డుతో సరిచూడాల్సింది మాత్రం మనిషే.

తాగునీటి పైపు ఎటు పోతోంది, వరద ఏ వీధిదాకా వస్తుంది, హద్దు రాయి ఎక్కడుంది? ఇలాంటి ప్రశ్నలకు స్థానిక యువతే పటం మీద జవాబు చూపగలగాలి. ఈ సంచిక రచనలన్నిటినీ కలిపే దారం ఇదే. క్యూజీఐఎస్ లాంటి పటాల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది. మన పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీలు ఈ చదువుకు తలుపులు తెరవాలని మనసారా కోరుతున్నాం.

మీ ఊరి పటం మీరే గీసి ఉంటే, ఆ అనుభవాన్ని మాకు రాయండి. వచ్చే సంచికలో ప్రచురిస్తాం.