బొమ్మ మీది.. పేరు ఎవరిది?

బస్టాండ్ల దగ్గర చిలక జోస్యం మీరూ చూసే ఉంటారు. చిలక పంజరంలోంచి వస్తుంది, ముక్కుతో ఒక కార్డు లాగుతుంది. ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెబుతాడేమోనని మనం జోస్యుడి వంకే చూస్తాం. ఆ కార్డు మీది బొమ్మ ఎవరు గీశారని ఎప్పుడైనా అడిగామా?

టారో కార్డుల కథా అంతే. రీల్స్‌లో ఆ కార్డులు తిప్పి భవిష్యత్తు చెప్పేవాళ్లకు కొదవ లేదు. జోస్యం సంగతి పక్కన పెట్టండి. బొమ్మలు గీయడం వచ్చి డిజైన్, యానిమేషన్, గేమింగ్, ప్రచురణ రంగాల్లో అవకాశాలు వెతుక్కుంటున్న విద్యార్థులు ఈ కార్డుల నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉందని నా నమ్మకం. గీసే బొమ్మలో మీ ముద్ర ఉండాలి. గీశాక దాని మీద మీ పేరు ఉండాలి. ఈ రెండో పని మనవాళ్లు దాదాపు మర్చిపోతుంటారు.

తరహా వాళ్లది, ముఖం మీది

టారో పుట్టింది 15వ శతాబ్దంలో, ఉత్తర ఇటలీలో. అప్పట్లో అది మన పేకాట లాంటి ఆటే. జోస్యానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. మొత్తం 78 కార్డులు. వాటిలో 22 ప్రత్యేకం. అమాయకుడు, మాంత్రికుడు, మహారాణి, సన్యాసి.. ఇలా ఉంటాయి. వీళ్లకు పేరుండదు, ఊరుండదు. ఏ ఊళ్లోనైనా ఎదురయ్యే మనుషుల తరహాలివి. ఆర్కిటైప్ అంటే ఇదే.

కలలో కనిపించే వింతల్ని నిజంలా గీసే సర్రియలిస్టు చిత్రకారులకు ఇవి బాగా పనికొచ్చాయి. రొమేనియాలో పుట్టిన విక్టర్ బ్రౌనర్ 1947లో ‘ద సర్రియలిస్ట్’ అనే చిత్రం వేశాడు. పాత మార్సెయ్ టారోలోని గారడీవాడి పెద్ద టోపీ, ముందున్న బల్ల, దాని మీది కత్తి, గిన్నె, నాణేలు అన్నీ తీసుకున్నాడు. ఆ గారడీవాడి స్థానంలో కుర్రతనపు తననే నిలబెట్టుకున్నాడు. సాల్వడార్ డాలీ కూడా అంతే. తన టారోలో తానే మాంత్రికుడు, భార్య గాలా మహారాణి. ఇంగ్లండ్‌లో పుట్టి మెక్సికోలో స్థిరపడిన లియొనోరా కారింగ్టన్ ఆ 22 కార్డులనూ తన పద్ధతిలో వేసింది. 

ఇంకో ఉదంతం మీకు బాగా దగ్గరగా ఉంటుంది. 1940-41 చలికాలంలో ఆంద్రే బ్రెటన్, మరికొందరు సర్రియలిస్టులు నాజీల భయంతో ఫ్రాన్స్ దాటి పోవడానికి మార్సెయ్‌లో వీసాల కోసం పడిగాపులు కాశారు. చేతిలో పని లేదు, రేపేమవుతుందో తెలియదు. ఆ ఖాళీలో కొత్త పేక తయారు చేశారు. రాజు, రాణి, జాకీలను తీసేసి ఫ్రాయిడ్, హెగెల్, బోదలేర్ లాంటి తమకు నచ్చిన వాళ్లను పెట్టారు. ఎదురుచూసే కాలం కూడా పనిచేసే కాలమేనని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

మాంత్రికుడు మీ వీధిలోనే ఉన్నాడు

కాబట్టి కార్డును చూసి కార్డు గీయకండి. ఆ తరహా మనిషి మీ వీధిలో ఎవరో వెతకండి. మాంత్రికుడి కార్డులో ఒక చెయ్యి పైకి, ఇంకోటి కిందికి ఉంటాయి. తల మీద పడుకోబెట్టిన 8 లాంటి అనంతం గుర్తు. ముందు బల్ల మీద గిన్నె, కత్తి, కర్ర, నాణెం. ఇప్పుడు మీ కాలేజీ ముందున్న చాయ్ మాస్టర్‌ను చూడండి. చాయ్ తిరగబోసేటప్పుడు చేతులు సరిగ్గా అలాగే ఉంటాయి. బల్ల మీద గ్లాసు, పాల ప్యాకెట్లు కోసే కత్తెర, గరిటె, చిల్లర. చాయ్ ధార కింద పడకుండా ఆయన తల మీద 8లా తిరుగుతోందని గీయండి. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే గీయండి. వింత ఒక్కటి చాలు. పది వింతలు పెడితే ఏదీ కనపడదు.

అమాయకుడి కార్డు అంకె సున్నా. భుజాన మూట, కాళ్ల దగ్గర కుక్క, కొండ అంచున పైకి చూస్తూ నిలబడ్డ కుర్రాడు. బ్యాక్‌ప్యాక్‌తో అమీర్‌పేటలో దిగిన ఫ్రెషర్ కాదూ! అనుభవం గడిలోనూ సున్నాయే కదా. 

‘ఇదంతా ఎందుకు, ఏఐకి చెప్తే క్షణాల్లో ఇస్తుంది’ అంటారా? ఇస్తుంది. అందరికీ ఇంచుమించు అలాంటిదే ఇస్తుంది. ఆ చాయ్ మాస్టర్ మాత్రం మీ ఒక్కరికే తెలుసు. అందుకే పోర్ట్‌ఫోలియోలో తుది బొమ్మతో పాటు తొలి స్కెచ్‌లూ పెట్టండి. మీరు ఎలా ఆలోచించారో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు వాటిలోనే కనిపిస్తుంది.

పమేలాకు జరిగింది మీకు జరగొద్దు

ప్రపంచంలో ఎక్కువ మందికి తెలిసిన టారో 1909లో లండన్‌లో వచ్చింది. ఆలోచన ఎ.ఇ. వెయిట్‌ది, ప్రచురణ రైడర్ సంస్థది. బొమ్మలన్నీ గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. అప్పటిదాకా చాలా డెక్కుల్లో అంకెల కార్డుల మీద గుర్తులే ఉండేవి. ఆమె వాటిలోనూ మనుషుల్ని, సన్నివేశాల్ని గీసింది. పని చాలా పెద్దది, డబ్బులు మాత్రం చాలా తక్కువ అని ఆ ఏడాదే ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాసింది. డెక్కుకు స్థిరపడిన పేరేమో ‘రైడర్-వెయిట్’. ఆమెకు మిగిలింది బొమ్మల మూలల్లోని చిన్న సంతకం గుర్తే. 1951లో అప్పులతో చనిపోయింది. ఇప్పుడు చాలామంది ‘స్మిత్’ పేరు కూడా కలిపి చెబుతున్నారంటే ఆ చిన్న గుర్తుకూ అందులో పాత్ర ఉంది.

మన దగ్గర చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోండి. కాపీరైట్ చట్టం-1957, సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా డబ్బులిచ్చి మీతో పోర్ట్రెయిట్ గీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, దాని కాపీరైట్ గీయించుకున్నవాళ్లదే. ఉద్యోగంలో భాగంగా గీస్తే యజమానిది. హక్కులు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగానే ఉండాలని, ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లుగానే లెక్కించాలని సెక్షన్ 19 చెబుతోంది. కాపీరైట్ ఇచ్చేసినా, ‘ఇది గీసింది నేనే’ అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద మీకు మిగులుతుంది.

మొదటి పని ఇచ్చినవాళ్లను ఒప్పందం అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. ‘అడిగితే పని పోతుందేమో’ అన్న భయమూ సహజమే. కనీసం ఒక మెయిల్ పంపండి. ఎంత ఇస్తారు, ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు, పేరు వేస్తారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాతలో తెప్పించుకున్నాకే పెన్సిల్ పట్టండి. ఈ నెలలో నాలుగు తరహాలు ఎంచుకుని నలుగురు మనుషుల్ని గీయండి. ప్రతి బొమ్మ మూలలో సంతకం పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.