పోటీ లేని రోజుల లెక్క

డబ్బున్న కుటుంబమో, సొంత వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని తల్లిదండ్రులకు చెబుతున్నానని పుల్లెల గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. చాలా ఇళ్లలో ఆ మాట గుబులు పుట్టించింది. ఎందుకంటే అన్నది ఆటలంటే గిట్టని మనిషి కాదు. మోకాలి గాయాల నుంచి లేచి వచ్చి, 27 ఏళ్ల వయసులో 2001 ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన ఆటగాడు. హైదరాబాద్‌లో అకాడమీ కట్టి సైనా నెహ్వాల్‌ను, పి.వి.సింధును ఒలింపిక్ పతకాల దాకా నడిపించిన గురువు. యవ్వనమంతా ఆటకు ధారపోసి, శిఖరం అందకపోతే చేతిలో ఏమీ మిగలని పిల్లలను దగ్గరగా చూసినందుకే ఆయన అలా అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. అలాగని దాన్ని తీర్పుగా తీసుకుని పిల్లల్ని గ్రౌండ్ నుంచి ఇంటికి పిలిపించుకోనూ లేం.

ఆయన చూపిన జబ్బుకు మూలం మనం పిల్లల్ని లెక్కగట్టే తీరులో ఉందని నా అభిప్రాయం. ఏడాదిలో ఒక బాల క్రీడాకారిణి పోటీల్లో దిగే రోజులు కొద్దే. మనం అడిగేదంతా ఆ రోజుల గురించే: గెలిచావా, ఎన్నో స్థానం, సర్టిఫికెట్ వచ్చిందా. మిగతా మూడు వందల పైచిలుకు రోజుల్లో ఆ అమ్మాయి ఏం తింటోంది, ఎంతసేపు నిద్రపోతోంది, మడమ నొప్పి ఎవరికైనా చెప్పిందా, గణితం ఎక్కడ వెనకబడింది, ఓడిన రాత్రి ఏం ఆలోచిస్తోంది అన్నవి ఎవరి పుస్తకంలోనూ రాసి ఉండవు. వీటిని పట్టించుకోవడం ఓడిపోయినవాళ్లకు చెప్పే ఓదార్పు అనుకుంటాం. గెలుపు తయారయ్యేది ఆ రోజుల్లోనే. ఆట ఆగిపోయాక మనిషిని నిలబెట్టేదీ ఆ రోజుల్లో సంపాదించుకున్నదే.

ఇది సానుభూతితో అంటున్న మాట కాదు, దీనికి ఆధారాలున్నాయి. ఆర్నే గుల్లిష్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 51 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 6,096 మంది క్రీడాకారులు ఎదిగిన తీరును పోల్చి 2021లో ఫలితాలు ప్రకటించారు. చిన్న వయసు పోటీల్లో ముందున్నవాళ్లు సాధారణంగా ఒకే ఆటను తొందరగా పట్టుకుని, అందులోనే ఎక్కువ గంటలు సాధన చేసినవాళ్లు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్ల దారి దీనికి తలకిందులుగా ఉంది. జాతీయ స్థాయి దగ్గర ఆగిపోయినవాళ్లతో పోలిస్తే వాళ్లు చిన్నప్పుడు వేరే ఆటలు ఎక్కువగా ఆడారు, తమ అసలు ఆటలోకి ఆలస్యంగా వచ్చారు, మొదట్లో నెమ్మదిగా ఎదిగారు. టోక్యో ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌ను 45.94 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన నార్వే ఆటగాడు కార్‌స్టెన్ వార్‌హోమ్ 2013లో యూత్ ప్రపంచ ఛాంపియన్ అయింది హర్డిల్స్‌లో కాదు, ఎనిమిది అంశాలు కలిసిన ఆక్టథ్లాన్‌లో. పన్నెండేళ్ల పిల్లవాడి పతకాన్ని చూసి అతని భవిష్యత్తు తెలిసిపోయిందనుకుంటే చాలాసార్లు పొరబడతాం. అదే వయసులో వెనకబడ్డ పిల్లను జట్టు నుంచి తీసేస్తే, ఏం పోగొట్టుకున్నామో కూడా ఎప్పటికీ తెలియదు.

వార్‌హోమ్ దేశం ఈ ఎరుకను నియమంగానే రాసుకుంది. నార్వేలో బాలల క్రీడలకు 1987 నుంచే కట్టుబాట్లున్నాయి. పిల్లలకు 11 ఏళ్లు వచ్చే సంవత్సరం దాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. 13 ఏళ్లు వచ్చే సంవత్సరం దాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో దించరు. హైదరాబాద్ నగరమంత జనాభా కూడా లేని ఆ దేశం 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలు, 2022లో 16 స్వర్ణాలు గెలిచింది. అంతకుముందు ఏ దేశమూ అన్ని గెలవలేదు. మన దేశంలోనూ ఇలాంటి ఆలోచన పండిన చోటు ఒకటుంది. రాహుల్ ద్రవిడ్ జూనియర్ క్రికెట్ బాధ్యత తీసుకున్నాక ఒక ఆటగాడు ఒక్క అండర్-19 ప్రపంచకప్ మాత్రమే ఆడాలన్న పద్ధతి వచ్చింది. పర్యటనకు తీసుకెళ్లిన ఏ కుర్రాడూ మ్యాచ్ ఆడకుండా ఇంటికి తిరిగిరాకూడదన్నది ఆయన పట్టుదల. అనుభవజ్ఞులను మళ్లీ దింపి కప్పు కొట్టడం తేలికే. అయినా కప్పు కంటే కుర్రాళ్లు ఎదగడం ముఖ్యమని ఆయన నమ్మారు. 2018లో కప్పు కూడా వచ్చింది. ఆ జట్టులో ఆడిన శుభ్‌మన్ గిల్ 2025లో భారత టెస్టు కెప్టెన్ అయ్యారు.

పోటీ రోజును మాత్రమే నమ్ముకుంటే వచ్చే ఇంకో చిక్కు, ఆ రోజు మన చేతిలో ఉండదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్ జాతీయ రికార్డు కంటే వేగంగా రెండుసార్లు పరుగెత్తినా ఆ సమయాలు రికార్డులకు ఎక్కలేదు. 2020లో విశ్వవిద్యాలయాల పోటీల్లో డోప్ పరీక్ష జరగకపోవడం అడ్డొచ్చింది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో వెనక గాలి సెకనుకు 2.0 మీటర్ల పరిమితి దాటి 2.1గా నమోదైంది. మరుసటి నెలలో ఆమె సైప్రస్‌లో 13.23 సెకన్లలో పరుగు ముగించి, అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న 13.38 రికార్డును చెరిపేశారు. 2023లో ఆసియా ఛాంపియన్ అయ్యారు. గాలి ఆమె చేతిలో లేదు. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య వేసే మూడు అంగలు ఆమె చేతిలో ఉన్నాయి. ఆ తేడా తెలిసిన పిల్లలు ఓటమిని తట్టుకుని మరునాడు మళ్లీ గ్రౌండ్‌కు వస్తారు. ఇది పుట్టుకతో వచ్చే గుండెధైర్యం కాదు. స్టార్ట్ నేర్పినట్టే, స్మాష్ నేర్పినట్టే, ఓపిగ్గా కూర్చోబెట్టి నేర్పాల్సిన విద్య.

నేర్పకపోతే ఏమవుతుందో కూడా చూస్తూనే ఉన్నాం. స్పోర్ట్స్ కోటా కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో తెలంగాణలో 2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 3 శాతం వాటా ఉంది. పేదింటి పిల్లలకు అది నిజమైన ఆసరా. అందుకే దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ తలుపుకు ఉన్న ఒకే తాళంచెవి ఫలానా రోజు, ఫలానా పోటీలో వచ్చిన స్థానం. బతుకంతా ఒక్క రోజు మీద వేలాడితే, ఆ రోజును ఎలాగైనా గెలవాలన్న ఒత్తిడి పెరుగుతుంది. పుట్టిన తేదీలు దిద్దడం, ఎముకల వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రేలు తీయాల్సి రావడం ఆ ఒత్తిడి ఫలితమే. నిషేధిత మందుల సంగతి ఇంకా దారుణం. 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 దోషమని తేలాయి, అంటే 3.8 శాతం. ఎన్నో రెట్లు ఎక్కువ పరీక్షలు చేసిన చైనాలో అది 0.2 శాతమే. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ అధికారులు వచ్చారని తెలిసి ఆటగాళ్లు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. ఆ పిల్లలంతా పుట్టుమోసగాళ్లని నేను నమ్మను. గెలుపు తప్ప మరి దేనికీ విలువ లేదని మనం చెబుతూ వచ్చాం, వాళ్లు విన్నారు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఇవన్నీ కడుపు నిండినవాళ్ల కబుర్లు, కూలికి వెళ్లే తల్లి తన బిడ్డకు తొందరగా ఉద్యోగం రావాలనుకోవడంలో తప్పేముంది అని. తప్పేమీ లేదు. కానీ పతకం మీదే పందెం కాస్తే ఎక్కువ నష్టపోయేది ఆ తల్లే. కలవారి పిల్లవాడు ఇరవై ఏళ్లకు ఆట మానేస్తే తండ్రి దుకాణంలో కూర్చుంటాడు. ఆమె బిడ్డకు ఇంటర్ తప్పిన మార్కుల మెమో, ఆపరేషన్ చేయించుకోలేని మోకాలు మిగులుతాయి. చదువు, ఆరోగ్యం, నలుగురిలో నిలబడి మాట్లాడే నేర్పు కలవారి కంటే ఆ బిడ్డకే ఎక్కువ అవసరం. నార్వే ధనిక దేశం కాబట్టి సాగిందన్న వాదనకూ ఇదే జవాబు. వాళ్ల స్టేడియాలకు డబ్బు కావాలి, పదేళ్ల పిల్లలకు ర్యాంకులు వేయకుండా ఉండటానికి రూపాయి ఖర్చు లేదు.

రెండో అభ్యంతరం కోచ్‌ల నుంచి వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు వాళ్లు. బ్యాడ్మింటన్, జిమ్నాస్టిక్స్ లాంటి వాటిలో ఒడుపు చిన్నప్పుడే అబ్బాలన్నది నిజం. అయితే సామెత మొక్కను వంచమంది కానీ మొక్క నుంచి కాయలు కోయమనలేదు. ఎనిమిదేళ్లకు రాకెట్ పట్టించడం వేరు, ఎనిమిదేళ్లకే ర్యాంకు అడగడం వేరు. రియో ఒలింపిక్స్‌కు ముందు సింధు ఫోన్‌ను గోపీచంద్ మూడు నెలలు తీసి పెట్టిన సంగతిని ఏకాగ్రతకు ఉదాహరణగా చెబుతారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు దాటాయి, ఏం వదులుకుంటోందో తెలిసిన వయసు. ఆ సింధు ఎంబీఏ కూడా చేశారు. విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ బీటెక్, ఎంబీఏ చదువుతూనే ఎదిగి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చారు. వీళ్లు అసాధారణులు, అందరి వల్లా కాదని అనొచ్చు. అలాగైతే అసాధారణులకే సాధ్యమయ్యేలా చదువును బిగించి ఉంచడం మన తప్పు. 2012లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో అజేయంగా 111 పరుగులు చేసి కప్పు తెచ్చిన కెప్టెన్ ఉన్ముక్త్ చంద్‌కు కాలేజీలో హాజరు చాలలేదని పరీక్ష రాయనివ్వని పరిస్థితి వచ్చింది. విశ్వవిద్యాలయం జోక్యం చేసుకుంటే గానీ దారి దొరకలేదు. అంత వెలిగిన ఆ కుర్రాడు భారత సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 28 ఏళ్లకు ఇక్కడి క్రికెట్‌కు వీడ్కోలు చెప్పి అమెరికా వెళ్లారు. కెప్టెన్‌కే హాజరు దగ్గర అలా జరిగితే, మండల స్థాయి కబడ్డీ పిల్ల హాజరు గురించి ఎవరు ఫోన్ చేస్తారు?

చేయాల్సిన పనులు మన చేతికందే దూరంలోనే ఉన్నాయి. హకీంపేట లాంటి క్రీడా పాఠశాలల్లో పిల్లల్ని ప్రధానంగా నాలుగో తరగతిలో ఎత్తు, బరువు, పరుగు, గెంతు కొలిచి తీసుకుంటారు. ఆ వయసులో ముందు నిలిచేది తరచు తొందరగా ఎదిగిన పిల్లలే. పదమూడు, పద్నాలుగేళ్ల దగ్గర మరో పెద్ద తలుపు తెరవాలి. క్యాంపుల్లో ఉన్న పిల్లలకు పరీక్షలు వేరే తేదీల్లో రాసే హక్కు ఉండాలి, ఓపెన్ స్కూల్ చదువును క్యాంపులోనే చెప్పించాలి. ప్రతి బిడ్డకూ నిద్ర, గాయాలు, పెరుగుదల, చదువు రాసే ఒక పుస్తకం పెట్టి, దాన్ని ఫిజియో, పీఈటీ సార్, క్లాస్ టీచర్ ముగ్గురూ చూడాలి. అన్నిటికంటే ముఖ్యం కోచ్‌ను కొలిచే కొలత మార్చడం. ఈ ఏడాది ఎన్ని పతకాలు తెచ్చావని కాకుండా, ఐదేళ్ల కిందట నీ దగ్గర చేరిన పిల్లల్లో ఎందరు ఇంకా ఆడుతున్నారు, ఎందరు గాయం లేకుండా ఉన్నారు, ఎందరు పది, ఇంటర్ గట్టెక్కారు అని అడగాలి. అడిగే ప్రశ్న మారిన రోజున కోచ్ చూపు కూడా మారుతుంది.

తల్లిదండ్రులు ఏ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు. సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చిన బిడ్డను గెలిచావా అని అడిగే ముందు, ఇవాళ కొత్తగా ఏం నేర్చుకున్నావు, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగితే చాలు. ఆ రెండు ప్రశ్నలకు రోజూ జవాబు చెప్పుకుంటూ పెరిగిన పిల్లల్లో కొందరు ఒలింపిక్స్‌కు వెళతారు. వెళ్లని వాళ్లు ఆరోగ్యంగా, చదువుతో, ఆట మీద ప్రేమ చావకుండా మిగులుతారు. వాళ్లలో కొందరు రేపు పీఈటీలై, ఫిజియోలై, కోచ్‌లై మళ్లీ అదే గ్రౌండ్‌కు వస్తారు. అలాంటి గ్రౌండ్లు ఊరూరా ఉన్న రోజున, బిడ్డను ఆటల్లో చేర్పించాలా వద్దా అని అడిగిన పేద తల్లికి గోపీచంద్ లాంటి గురువు నిశ్చింతగా చేర్పించమ్మా అని చెప్పగలుగుతారు.