పెరట్లో గురికి ఏ ఎయిర్ గన్ కొనాలి?

మోటార్లు, విత్తనాలు, పురుగుమందుల గురించి రాసుకునే ఈ పేజీలో తుపాకి ముచ్చటేంటని రైతు సోదరులు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ కొంతకాలంగా ఊళ్ళమ్మట తిరుగుతుంటే నన్నడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటి చేరింది. "ఏమండీ, ఒక ఎయిర్ గన్ కొందామనుకుంటున్నా, ఏది మంచిదంటారు?" అని. అడిగేవాళ్ళలో కొందరు కోతుల బాధ పడలేక అడుగుతున్నారు. మిగతావాళ్ళు ఉత్త సరదాకి. పొలం పని అయ్యాక సాయంత్రం పూట పెరట్లో నాలుగు ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి గురి చూసి కొడదామని. ఈ రాత ముఖ్యంగా ఈ రెండో రకం వాళ్ళ కోసం. కోతుల వాళ్ళకు చెప్పాల్సింది మధ్యలో చెప్తా.

రెండెకరాల రైతుకు తుపాకి సరదా ఏంటని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళ మాట నాకు నచ్చదు. పట్నంలో ఉద్యోగస్తుడు క్రికెట్ బ్యాటు కొంటే ఎవరూ అడగరు. జాతరలో బుడగల కొట్టు దగ్గర డబ్బులిచ్చి, తుపాకి భుజానికి ఆనించి, బుడగ ఠప్పున పేలితే ముఖం వెలిగిపోని మనిషిని నేను చూడలేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ గాలి తుపాకితోనే. అదీ పది మీటర్ల దూరం నుంచే. పది మీటర్ల ఖాళీ మన ఊళ్ళో చాలామంది పెరళ్ళలో ఉంటది. కాబట్టి ఆటను తీసిపారేయక్కర్లేదు. అప్పు చేసి మాత్రం కొనొద్దు. ఎరువుల డబ్బులు తీసి దీంట్లో పెట్టొద్దు.

కొనేటప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు పెట్టె మీద అంకె చూసి మోసపోవడం. కొట్లో తుపాకి పెట్టె మీద సెకనుకు ఇన్ని అడుగుల వేగం అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచి తుపాకి అనుకుంటాం, హార్స్ పవర్ చూసి మోటారు కొన్నట్టు. ఇది మోటారు కాదు. ఆ అంకె చాలాసార్లు బాగా తేలికైన గుండుతో కొట్టి రాబట్టిందే అయి ఉంటది. మనం రోజూ వాడే మామూలు సీసం గుండు వేస్తే అంత వేగం రాదు.

అసలు చూడాల్సింది బలం. దాన్ని జౌల్స్‌లో కొలుస్తారు. లెక్క పెద్ద కష్టమేమీ కాదు. మామూలు గుండు బరువు సుమారు అర గ్రాము. అది సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే బలం 10 జౌల్స్. అదే గుండు 280 మీటర్ల వేగంతో పోతే దాదాపు 20 జౌల్స్. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది, అదీ కిటుకు. ఈ లెక్క ఎందుకంటే మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోదగ్గ ఎయిర్ గన్‌కు రెండు హద్దులున్నాయి. గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, బలం 20 జౌల్స్ దాటకూడదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టాన్నే కొట్లో పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంటారు. పాయింట్ టూ టూ అనేది 5.5 మిల్లీమీటర్లు. దానికి లైసెన్సు కావాలి. "ఏం కాదు సార్, అందరూ తీసుకెళ్తున్నారు" అనే కొట్టువాడు రేపు స్టేషన్‌కి మనతో రాడు.

ఇంకో సంగతి. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడే లక్షల ఖరీదు తుపాకుల బలం ఏడు, ఏడున్నర జౌల్స్ అటూ ఇటూ మాత్రమే. గుండు వేగం సెకనుకు 170 మీటర్లు అలా ఉంటది. జర్మనీలో లైసెన్సు లేని గాలి తుపాకికి హద్దే ఏడున్నర జౌల్స్. ప్రపంచ విజేతకు చాలిన బలం మన పెరట్లో పెరుగు డబ్బాను పడగొట్టడానికి చాలదా? బలం పెరిగేకొద్దీ గొట్టం వంచడానికి చేతులు పీకుతాయి, తుపాకి భుజం మీద ఎగిరి గురి తప్పుతుంది, చప్పుడుకు పక్కింటివాళ్ళు విసుక్కుంటారు. పదో గుండుకే చాలనిపించే తుపాకి అటకెక్కుతుంది. నా మాటగా చెప్తున్నా, 10 జౌల్స్ చుట్టుపక్కల ఉండే మామూలు స్ప్రింగు తుపాకే మన రైతుకు సరైంది. అంతకుమించి బలం కోసం పెట్టే ప్రతి రూపాయీ దండగే.

స్ప్రింగు తుపాకి అంటే గొట్టాన్ని మధ్యకు వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటది. ట్రిగ్గర్ లాగితే ఆ స్ప్రింగు పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి గుండును తోస్తుంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి బలంగా కొట్టి వేలు తీసినట్టు. లోపల పిస్టన్‌కు ఒక వాషర్ ఉంటది, పాత తుపాకుల్లో తోలుది, ఇప్పటివాటిలో ప్లాస్టిక్ రకంది. మన చేతి స్ప్రేయర్లో వాషర్ లాంటిదే అనుకోండి. అరిగితే బలం తగ్గుతుంది, మార్పిస్తే మళ్ళీ వస్తుంది. పాత ఇళ్ళలో ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీ వాళ్ళ తుపాకులు ఏళ్ళ తరబడి పనిచేశాయంటే ఈ సాదా పద్ధతి వల్లే. స్ప్రింగుకు బదులు గ్యాసు నింపిన సిలిండర్ ఉండే రకం ఇంకొకటుంది. వణుకు తక్కువ, బాగానే ఉంటది, కానీ పాడైతే మన ఊళ్ళో బాగుచేసేవాడు దొరకడు.

మూడోది పి.సి.పి. తుపాకిలోనే ట్యాంకు ఉంటది, ముందే గాలి నింపి పెట్టుకోవాలి. అదీ మామూలు గాలి కాదు, చాలా రకాలకు 200 బార్ల దాకా. ట్రాక్టర్ వెనక పెద్ద టైర్లో గాలి మామూలుగా రెండు బార్ల లోపే ఉంటదని గుర్తు పెట్టుకోండి. గురి అద్భుతంగా వస్తుంది, కాదనను. కానీ తుపాకి ఒక ఖర్చు, దాని పంపు ఇంకో ఖర్చు, ఆ పంపు కొట్టేసరికి మనిషికి చెమట. రబ్బరు రింగుల్లో ఒకటి లీకయితే పట్నం పరిగెత్తాలి. సరదాకి మొదలుపెట్టేవాళ్ళు దీని జోలికి పోవద్దని నా సలహా, ఎంత నున్నగా చెప్పి అమ్మజూపినా సరే.

కొట్లో నాలుగు పనులు సిగ్గుపడకుండా చేయండి. తుపాకి భుజానికి పెట్టి కళ్ళు మూసుకుని తెరిస్తే కన్ను గురి గీతకు సూటిగా రావాలి. రెండు నిమిషాలు అలాగే పట్టుకుంటే చేయి దిగిపోకూడదు. గొట్టం వంచి మూసి, పట్టుకుని అటూ ఇటూ కదపండి. అక్కడ వదులుంటే ఆ తుపాకి ఎప్పటికీ ఒకచోట కొట్టదు. స్ప్రింగు, వాషర్ విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే బయటికి నడవండి. టెలిస్కోపు మొదట్లో అక్కర్లేదు, పది మీటర్లకు ఇనప గురే చాలు. గుర్తింపు కార్డు అడుగుతారు, ఇవ్వండి, బిల్లు అడిగి తీసుకోండి. ఆ బిల్లు పాసుపుస్తకం దగ్గరే దాచండి. ఇంటికి తెచ్చేటప్పుడు బండి మీద అడ్డంగా పెట్టుకుని ఊరంతా చూపిస్తూ తేవద్దు, సంచిలో పెట్టి తేవాలి.

గుళ్ళలో మూతి చదునుగా ఉండేవి కాగితానికి మంచివి, తూట్లు పొడిచినట్టు గుండ్రంగా చిల్లు పెడతాయి. రెండు రకాలు చిన్న డబ్బాలు కొని, మీ గొట్టానికి ఏది పడుతుందో చూసుకుని అప్పుడు పెద్ద డబ్బా కొనండి. గుండ్రటి ఉక్కు గుళ్ళు వద్దు. అవి తగిలినచోట నుంచి వెనక్కి ఎగిరొస్తాయి, గొట్టం లోపలి గాళ్ళను కూడా పాడుచేస్తాయి. గుండు వేయకుండా ఉత్తినే పేల్చొద్దు, పిస్టన్ పోయి ముందు గోడకు గుద్దుకుని స్ప్రింగు విరుగుద్ది.

ఇక కోతుల సంగతి. నిజమే, మామిడి తోటల వాళ్ళ కష్టం కళ్ళారా చూస్తున్నా. కానీ ఈ గుండుతో కోతి చావదు, పారిపోయి పుండు పడి పురుగులు పట్టి రోజులకొద్దీ కుళ్ళుతుంది. గుంపు మాత్రం రెండు రోజులకు మళ్ళీ వస్తుంది. పందికైతే అర గ్రాము గుండు దోమ కుట్టినట్టు, లేదంటే రేపి మీద పడేట్టు చేస్తుంది. చట్టం సంగతి వేరే. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడమే కాదు, గాయపరచడం కూడా. 2022 సవరణలో మామూలు ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల దాకా పెంచారు, జైలు మూడేళ్ళ దాకా ఉంది. నెమలి అయితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. జొన్నచేల మీద వాలే రామచిలుక కూడా చట్టం నీడలోనే ఉంది. కోతుల కోసం ఎయిర్ గన్ కొనాలనుకునే రైతు ఆ డబ్బు వలకో, కంచెకో పెట్టుకోవడం మేలు. పైన చెప్పిన తూకమంతా అట్ట ముక్కల మీదికి, డబ్బాల మీదికి గురి పెట్టేవాళ్ళకే.

తుపాకి కంటే ముందు కట్టాల్సింది దాని ఎదురు గోడ. ఇది నూటికి తొంభై మంది పట్టించుకోరు. పది మీటర్లలో ఆగాల్సిన గుండు గురి తప్పి పైకి లేస్తే మూడు వందల గజాల దాకా కూడా పోగలదు. పెరటి వెనక బాట ఉంటది, పక్కవాళ్ళ ఆడవాళ్ళు దొడ్లో గిన్నెలు తోముకుంటుంటారు, పిల్లలు గోడ మీద కోతుల్లా ఎక్కుతారు. కంటికి తగిలితే ఆ కన్ను మళ్ళీ రాదు. పది జౌల్స్ కాదు, మూడు జౌల్స్ చాలు అందుకు.

ఖాళీ యూరియా బస్తాల్లో ఇసుక గానీ రాళ్ళు ఏరిన మన్ను గానీ నింపి మనిషి ఎత్తుకు మించి పేర్చండి, రెండు వరసల మందాన. దాని ముందు అట్టపెట్టె, పెట్టె మీద కాగితం. దాని వెనక మట్టి గోడ ఉంటే ఇంకా మంచిది. సిమెంటు గోడ, బండరాయి, రేకు మీద నేరుగా కొట్టొద్దు, గుండు చితికి ముక్కలు వెనక్కి వస్తాయి. కొట్టేవాడూ, చూసేవాళ్ళూ కళ్ళద్దాలు పెట్టుకోవాలి. అవి దెబ్బకు పగలని రక్షణ అద్దాలై ఉండాలి.

గడ్డివామికి కొడితే సులువు కదా అనేవాళ్ళున్నారు. వద్దు. ఎందుకంటే గుండు సీసం. వామిలో చిక్కుకున్న సీసం ముక్కలు గడ్డితో పాటు గేదె కడుపులోకి పోతాయి. సీసం పశువులకు విషం. పాత బ్యాటరీ పలకలు నాకి పశువులు చచ్చిన సంగతి ఏ పశువైద్యుడిని అడిగినా చెప్తారు. ఇంకా దగ్గరి ప్రమాదం కోళ్ళకు. కోడి గింజ అరగడానికి చిన్న రాళ్ళు ఏరుకుని తింటుంది, ఆ రాయి కందనకాయలో కూర్చుని గింజను నూరుతుంది. నేల మీద పడ్డ సీసం గుండు దాని కంటికి మంచి రాయిలా కనపడుతుంది. మింగిందా, కందనకాయలో ఆ సీసం కొద్దికొద్దిగా అరిగి ఒంటికి పడుతుంది. ఆ కోడి గుడ్డు, మాంసం తినేది మన పిల్లలే. కాబట్టి కోళ్ళు తిరిగేచోట గురి పెట్టొద్దు. బస్తాల కింద పాత పరదా పట్టా పరిచి, పని అయ్యాక పట్టా దులిపి రాలిన గుళ్ళన్నీ ఏరి ఒక సీసాలో వేయండి. నెలకోసారి ముందు వరస బస్తాల ఇసుక జల్లెడ పట్టండి, ఇంట్లో పిండి జల్లించే జల్లెడతో మాత్రం కాదు. గుళ్ళు నోట్లో పట్టుకునే అలవాటు కొందరికుంది, మానుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.

పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వొద్దు. పిల్లాడు గురి పెడుతుంటే పెద్దవాడు పక్కనే నిలబడాలి, ఫోను చూసుకుంటూ కాదు. గొట్టం వంచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని వదలకుండా పట్టుకోవాలి, చటుక్కున మూసుకుంటే వేలు నలుగుద్ది. స్ప్రింగు బిగించి పక్కన పెట్టి టీ తాగడానికి పోవద్దు.

ధర ఊరికో తీరు, కొట్టుకో తీరు. చేతిలో తుపాకి కోసమని ఎంత ఉందో అందులో పదో వంతు బస్తాలకు, అద్దాలకు, పట్టాకు, గుళ్ళకు ముందే తీసి పక్కన పెట్టుకుని మిగతాదానితో తుపాకి చూడండి. పని అయ్యాక గొట్టం పైన నూనె గుడ్డతో తుడవండి, లోపల స్ప్రింగు గదిలోకి మాత్రం వంటనూనె, ఇంజనాయిల్ పోయొద్దు, ఆ ఒత్తిడికి నూనె అంటుకుని వాషర్ మాడిపోతుంది. తుపాకి ఒకచోట, గుళ్ళు ఇంకోచోట తాళం వేసి ఉంచండి. ఎరువుల బస్తాలున్న గదిలో మాత్రం పెట్టొద్దు. యూరియా చెమ్మకు ఒక్క వానాకాలంలోనే గొట్టం తుప్పు తినేస్తుంది.