తలుపు మీద పేరొకరిది, తాళంచెవి ఇంకొకరిది

ల్యాండ్‌లార్డ్ అనగానే నాకు గుర్తొచ్చేది మా రూమ్ ఓనరే. ఒకటో తారీఖున అద్దె, రాత్రి పదికి గేటుకి తాళం. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే కదా, ఆ మాటకి ఇంకో అర్థం ఉండదనుకున్నా. ఇంగ్లండ్ పల్లెటూళ్ల పబ్బుల చరిత్ర చదివాక తెలిసింది, అక్కడ పబ్ నడిపే మనిషినే ల్యాండ్‌లార్డ్ అంటారని. తమాషా ఏంటంటే, చాలాచోట్ల ఆ బిల్డింగ్ అతనిది కాదు. అతనే ఇంకొకరికి అద్దె కడుతుంటాడు!

"పబ్బుల మీద వ్యాసమా?" అని మా రూమ్మేట్ నవ్వాడు. నేనింతవరకు బీరు రుచి కూడా చూడలేదు. ఇది తాగుడు గురించి కాదు. పబ్ అంటే మనకు డీజే, రంగు లైట్లు. కానీ ఆ మాట పబ్లిక్ హౌస్‌కి పొట్టిపేరు, అంటే నలుగురి కోసం తలుపు తెరిచిన ఇల్లు. మరి ఆ ఇల్లు ఎవరిది? నా గొడవంతా ఈ ప్రశ్న గురించే.

1830లో అక్కడ బీర్ చట్టం వచ్చింది. స్థానిక పన్ను కట్టే ఎవరైనా 2 గినీల ఫీజు ఇచ్చి, సొంత ఇంట్లోనే బీరు తయారుచేసి అమ్ముకోవచ్చు. జనాన్ని జిన్ను నుంచి బీరు వైపు మళ్లించాలన్నది ఒక ఉద్దేశం. ఇలాంటి ఇళ్లు వేలల్లో పుట్టుకొచ్చాయి. 1869లో ఈ లైసెన్సులు మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికెళ్లాయి. కొత్తవి దొరకడం కష్టమయ్యేసరికి, బీరు కంపెనీలు ఉన్న పబ్బుల్ని కొనడం మొదలెట్టాయి. ల్యాండ్‌లార్డ్ అద్దెదారుడయ్యాడు. షరతు ఒక్కటే: బీరు మా దగ్గరే కొనాలి.

1989లో ప్రభుత్వం పెద్ద బీరు కంపెనీల చేతిలోని పబ్బులపై పరిమితులు పెట్టింది. అవి వేలకొద్దీ పబ్బుల్ని వదిలించుకున్నాయి. వాటిలో చాలావరకు బీరే తయారుచేయని ఆస్తుల కంపెనీలకు చేరాయి. ఓనర్ మారాడు గానీ, చాలామంది ల్యాండ్‌లార్డులకు అద్దే షరతూ తప్పలేదు.

సూపర్‌మార్కెట్లో చవక బీరు, పన్నులు, మారిన అలవాట్లు... పబ్బులు మూతపడటానికి ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ ఎక్కడో దూరాన ఉన్న కంపెనీకి ఆ పబ్ ఎక్సెల్ షీట్‌లో ఒక వరుస. లాభం లేకపోతే డిలీట్.

స్టాఫర్డ్‌షైర్‌లో హిమ్లీ దగ్గర క్రుకెడ్ హౌస్ అనే పబ్ ఉండేది. 1765లో కట్టిన ఇల్లు. కింద బొగ్గు తవ్వకాల వల్ల నేల కుంగి ఓ పక్కకి ఒరిగింది. లోపల టేబుల్ మీద గోలీ పెడితే ఎత్తుకి దొర్లుతున్నట్టు కనిపించేది. 2023 జూలైలో దాన్ని కంపెనీ అమ్మేసింది. ఆగస్టు 5 రాత్రి మంటలు, రెండు రోజులకి మొత్తం కూల్చేశారు. అప్పుడు దేశమంతా బాధపడింది. ఆ బాధ నిజమే, కానీ ఆ పబ్ అమ్ముడుపోయేటప్పుడు వాళ్లలో ఎవరి మాటకీ విలువ లేదు. ఎందుకంటే అందులో ఎవరికీ వాటా లేదు.

కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ వాళ్లు ముందే మేలుకున్నారు. వాళ్ల పబ్ పేరు ఓల్డ్ క్రౌన్. 1988లో దాని వెనక కొట్టంలో చిన్న బీరు తయారీ మొదలైంది. 1999లో దాన్ని ఊరివాళ్లు సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. 2003లో పబ్ కూడా అమ్మకానికొస్తే వందమందికి పైగా డబ్బులేసుకుని దాన్నీ కొన్నారు. బ్రిటన్‌లో సహకార సంఘం చేతికొచ్చిన మొదటి పబ్‌గా దానికి పేరు.

"అన్ని ఊళ్లకీ అంత డబ్బుంటుందా?" అని అడగొచ్చు. ఉండదు. 2011లో వచ్చిన లోకలిజం చట్టం ప్రకారం, ఊరికి అవసరమైనదని ముందే నమోదు చేయించుకున్న పబ్ అమ్మకానికొస్తే, డబ్బు కూడగట్టుకోవడానికి ఊరికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. గడువు మాత్రమే, డబ్బు కాదు. అయినా నా ఓటు ఈ దారికే. పాతవాటిని ప్రేమిస్తున్నామని పోస్టులు పెట్టడం ఈజీ, వాటా కొనడమే కష్టం. నిలబెట్టేది మాత్రం ఆ రెండోదే.

ఓల్డ్ క్రౌన్‌ని నడిపేవాళ్లు కూడా అద్దెకి తీసుకునే నడుపుతారు. కాకపోతే వాళ్ల ఓనర్లు సాయంత్రం వచ్చి, బార్‌కి ఇవతల కూర్చుని, ఒక గ్లాసు పొయ్యమంటారు.