కలిమి వచ్చిన పిమ్మటనా సమత్వము?

సోమందేపల్లెకు అనతిదూరమున, పెనుకొండ మండలములోని ఎర్రమంచి కడ, కొరియా దేశీయుల కియా కర్మాగారము వెలసినది. 2017లో రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరినది. 2019 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. ఏటికి మూడు లక్షల కారులు తయారుచేయగల శక్తి దానికి కలదు. వేరుసెనగ కాయను, ఆకాశమున మబ్బును నమ్ముకొని తరతరములు గడపిన ఈ మెట్టసీమకు ఇది సామాన్యమైన మార్పు కాదు. దానిని మేము మనసార స్వాగతించుచున్నాము. అయితే యంత్రములు పంపిన దేశము ధనమెట్లు గడించెనో, ఆ గడనలో స్త్రీల కేమి దక్కెనో మన పఠనమందిరములలో ఒకపరి విచారింపదగియున్నది.

1953లో యుద్ధ మాగునాటికి దక్షిణ కొరియా నిరుపేద దేశము. నలుబదియేండ్లు దాటిన కొలది కాలమునకే, 1996లో, సంపన్న రాజ్యముల కూటమియగు ఓ.ఇ.సి.డి.లో అది స్థానము సంపాదించినది. ఆ భాగ్యమునకు తొలి పెట్టుబడులలో నొకటి పల్లెపడుచుల రెక్కల కష్టము. 1960, 1970 దశకములలో వారు ఊళ్లు విడిచివచ్చి బట్టల మిల్లులలోను, సవరములు కట్టు కార్ఖానాలలోను చాలీచాలని కూలికి పాటుపడిరి. ఇంటికి పంపిన పైకముతో ఎందరో సోదరులు చదువుకొనిరి. 1979లో వై.హెచ్. అను సవరముల కంపెనీ మూతబడగా, అందలి పనికత్తెలు రాజధానిలో ప్రతిపక్షమువారి కార్యాలయమున బైఠాయించిరి. పోలీసులు లోనికి జొరబడి వారిని ఈడ్చివేసిరి. ఒక యువతి ప్రాణము గోల్పోయినది. అప్పుడు రేగిన అలజడి పార్క్ చుంగ్ హీ నిరంకుశ ప్రభుత్వ పతనమునకు దారితీసిన హేతువులలో నొకటి యయ్యెను.

అంత త్యాగము చేసిన స్త్రీజాతికి దక్కిన ఫలమేమి? నేడు ఆ దేశపు యువతులు కళాశాల చదువులో యువకులను మించియున్నారు. అయినను, ఇటీవలి లెక్కల ప్రకారము, పురుషుడు నూరు గడించుచోట స్త్రీ గడించునది సుమారు డెబ్బది మాత్రమే. ఆ కూటమిలో ఇంత యెడము మరి యే దేశమునను లేదు. బిడ్డ పుట్టగనే తల్లి కొలువు మానవలసివచ్చును. తిరిగివచ్చిన నాడు తక్కువ జీతపు తాత్కాలిక పనియే గతి. తత్ఫలముగ పలువురు పెండ్లియే వలదనుచున్నారు. జనసంఖ్య నిలుకడగా నుండుటకు స్త్రీకి సగటున 2.1 సంతానము కావలసియుండగా, 2023లో అచ్చట 0.72 మాత్రమే. దీనికి కారణములు పెక్కు గలవు. కాని ఉద్యోగమో బిడ్డయో ఒక్కటే యెంచుకొమ్మను ఏర్పాటు వానిలో ముఖ్యమైనది. ఇల్లు బంగారమైనది, తొట్టిలో బిడ్డ లేదు!

"ముందు దేశము బాగుపడనిండు, తరువాత ఆడువారి సంగతి చూతము" అనెడి పెద్దలు మనలోను కలరు. సంపద తనంతట సమత్వమును వెంటగొని రాదని కొరియా వారికి సమాధానము చెప్పుచున్నది. ఐస్లాండు వేరు త్రోవ చూపినది. 1975 అక్టోబరు 24వ తేదీన అచ్చటి స్త్రీలలో సుమారు 90 శాతము ఇంటిపనిని, కొలువును మానివేయగా దేశము స్తంభించినది. మరుసటి యేడు సమానత్వ శాసనము వచ్చినది. 2018 నుండి ఒక పరిమాణము మించిన సంస్థలు సమాన వేతన మిచ్చుచున్నట్లు తామే రుజువు చేయవలెనని మరియొక శాసనము అమలులోనికి వచ్చినది.

మనకు ఆదర్శములు కొరతగా లేవు. సమాన పనికి సమాన వేతనమని రాజ్యాంగము 39వ అధికరణమున నిర్దేశించినది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. అప్పటికి అవివాహితలగు కుమార్తెలకు పిత్రార్జితములో జన్మహక్కును మన రాష్ట్రము 1985లోనే ఇచ్చినది. దేశమంతటను కుమార్తెలకు ఆ హక్కు 2005లో గాని రాలేదు. 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథక మారంభమైనదియు అనంతపురము జిల్లా బండ్లపల్లెయందే. గుంత త్రవ్విన చోట ఆడుకూలి, మగకూలి యను భేదము కూడదని ఆ పథకము శాసించినది. కరవునేల మీద చెల్లిన ధర్మము కర్మాగారములో చెల్లకూడదా?

వేరుసెనగ చేనిలో కలుపు తీసి, కాయ కోసి, పప్పు ఒలిచినది స్త్రీ. ధర్మవరపు మగ్గమునకు నూలు చుట్టియు, కూలి లెక్కలో పేరులేకయున్నది స్త్రీ. రేపు యంత్రశాలలో గూడ ఆమె ఊడ్చుటకును, వంటశాలకును పరిమితము కాకూడదు. 2019లో రాష్ట్ర శాసనసభ పరిశ్రమలలో 75 శాతము కొలువులు స్థానికులకు దక్కవలెనని చట్టము చేసినది. స్థానికులలో సగముమంది స్త్రీలు గదా! ఆ వాటాలో వారి సగమెంత అని యడుగుట న్యాయము.

కావున మా కోర్కెలు నాలుగు. ఈ ప్రాంతమున వెలసిన ప్రతి కర్మాగారమును స్త్రీ లెందరో, ఏయే పనులలో నున్నారో, వారి వేతనమెంతో ఏటేట ప్రకటింపవలెను. పారిశ్రామిక శిక్షణాలయములలో యంత్రవిద్యా శాఖలందు బాలికలకు తగిన స్థానములును, వసతిగృహములును ఉండవలెను. పొద్దు గ్రుంకిన పిమ్మట పనిచేయించు సంస్థయే వారిని క్షేమముగ ఇంటికి చేర్పవలెను. పనిచోట శిశువిహారము నెలకొల్పవలెను. నాలుగవది సర్కారుదీ కాదు, యజమానిదీ కాదు, మనది: పదవ తరగతి ముగియగానే కూతురికి పెండ్లి చూచి, కొడుకును పాలిటెక్నిక్కునకు పంపు గృహస్థు ఇకనైన తన లెక్క సరిచూచుకొనవలెను.

హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణమ్మ గొల్లపల్లి జలాశయమునకు వచ్చినది. ఎంతో దూరము నుండి నీటిని పైకెత్తి తేగలిగిన వారము, ఇంటిలోని బిడ్డను గడప దాటింపలేమా?