చుట్టపుచూపు

'పాకిస్తాన్ పొండి' అంటరు మమ్మల్ని. పోయినం. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత అటు పోయిన మా ఫుప్పును చూడ, జమ్మికుంటల రైలెక్కి, ఢిల్లీ మీదుగ, సంఝౌతా రైల్ల. కరాచీల హైదరాబాద్ కాలనీ. పొద్దుగాల ఖట్టీ దాల్, మాపటికి బగారా బైంగన్. గల్లీల మన దక్కనీ ముచ్చట్లే. అయినా అక్కడ వాళ్లింకా ముహాజిర్లే. మేమైతే హిందుస్తానీలం, ఠాణాకు పోయి హాజరు పడాలె, వీసాల రాసిన ఊరు దాటొద్దు. ఫుప్పు అడిగింది: 'పత్తి బండ్లు ఇంకా మార్కెట్ ముంగట బారులు కడుతున్నయారా?'

ఏ దేశం యాదిరా అది?

1976ల మొదలైన ఆ రైలు 2019ల ఆగింది. 2025 ఏప్రిల్ల అటారీ చెక్‌పోస్టూ మూసిన్రు. మమ్మల్ని పొమ్మనే నోళ్లు మాత్రం మూతబడలే. మా అబ్బా గోరీ జమ్మికుంటలున్నది. మేమేడికి పోవాలె?