కామెంటరీ కూడా ఒక పాఠమే

మన బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "మావాడికి తెలుగు అర్థమవుతుందండీ, మాట్లాడడు, అంతే." ఈ మాట నేనూ చాలాసార్లు అన్నాను. శుక్రవారం పొద్దున్నే ఇక్కడికొచ్చి పదిమంది పిల్లల చేత గుణింతాలు దిద్దిస్తాను కానీ, మా ఇంట్లో మాత్రం దీపం కింద చీకటే.

పిల్లల చేత తెలుగు మాట్లాడించాలంటే ముందు వాళ్ళకు మాట్లాడకుండా ఉండలేని ముచ్చట ఒకటి దొరకాలి. మా ఇంట్లో అది క్రికెట్. నవ్వకండి, కాస్త వివరంగా చెబుతాను.

నేను కాకినాడలో చదువుకునే రోజుల్లో బడిలో హిందీ పుస్తకం ఉండేది. అందులో ఏది స్త్రీలింగమో ఏది పుంలింగమో మా మాస్టారు ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఇంట్లో మాత్రం నాన్నగారి ట్రాన్సిస్టర్ ఉండేది. ఆకాశవాణి క్రికెట్ కామెంటరీని కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందీలో ఇచ్చేది. హిందీలో సుశీల్ దోషీ గొంతు మొదలైతే మేమంతా చెవులు రిక్కించేవాళ్ళం. మాకు భాష నేర్పాలని ఆయన అనుకోలేదు, నేర్చుకోవాలని మేమూ అనుకోలేదు. సచిన్ ఉన్నాడా పోయాడా అన్నది తెలియాలి, అంతే. ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగానికి ఉత్తరాదికి వెళితే, నా నోటికి అక్కరకొచ్చింది పుస్తకంలోని హిందీ కాదు, ఆ రేడియో హిందీయే.

ఇప్పుడు మస్కట్ సంగతి చూద్దాం. ఇక్కడి వేసవి గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎండ దెబ్బకు భయపడి జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పనులే నిలిపివేస్తారు. ఇక పిల్లల ఆటలెక్కడ? మైదానం టీవీలోకే వచ్చేస్తుంది. మా ఇంట్లో ఆట ఇంగ్లీషు కామెంటరీతో నడుస్తుంది. మావాడి ఆనందం, కోపం, నిట్టూర్పు అన్నీ ఇంగ్లీషులోనే బయటికొస్తాయి.

2024లో వేసవి సెలవులకు ఊరు వెళ్ళాం. జూన్ 29న ట్వంటీ20 ప్రపంచ కప్ ఫైనల్. మా నాన్నగారికి కంటిచూపు బాగా మందగించింది. టీవీ ఎదురుగా కూర్చున్నా ఆయనకు రంగులు కదలడమే తప్ప బంతి కనపడదు. తెలుగు కామెంటరీ పెట్టారు. అయినా ఆయనకు తృప్తి లేదు. పదేళ్ళ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బంతి బంతికీ "ఏమైందిరా?" అని అడగడం మొదలుపెట్టారు. తాతయ్యకు ఇంగ్లీషు రాదు. వాడికి వేరే దారి లేదు.

చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. మొదటి బంతినే మిల్లర్ గాల్లోకి లేపాడు. సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టుకున్నాడు. ఇల్లంతా కేకలు. నాన్నగారు మావాడి చెయ్యి పట్టుకుని "గీత తొక్కాడేమో చూడరా" అన్నారు. వాడు తడుముకుంటూ చెప్పాడు. "లేదు తాతయ్యా. పట్టుకున్నాడు. పడిపోతున్నాడని పైకి విసిరాడు. అవతలికి వెళ్ళాడు. మళ్ళీ లోపలికొచ్చి పట్టుకున్నాడు." వాడి నోట వరసగా అన్ని తెలుగు వాక్యాలు వినడం నాకు అదే మొదటిసారి. భారత్ 7 పరుగులతో గెలిచింది. ఆ రాత్రి నాకు రెండు సంతోషాలు.

మస్కట్ తిరిగొచ్చాక వాడే తాతయ్యకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఇదివరకు "బాగున్నావా? బాగున్నాను" తో అయిపోయే ఫోను ఇప్పుడు అరగంట నడుస్తోంది. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో సిరాజ్ యార్కర్‌తో అట్కిన్సన్ వికెట్టు ఎగరగొట్టి 6 పరుగులతో గెలిపించినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఆ కబురు నాకు కాకినాడ నుంచి వచ్చింది. మనవడు ఫోన్లో చెప్పిన ఆటను మా నాన్నగారు నాకు తిరిగి చెప్పారు!

ఈ సంగతి విని ఒక మిత్రుడు, "క్రికెట్ కామెంటరీలో తెలుగు ఎక్కడుందండీ? బాలు, బ్యాటు, వికెట్టు అన్నీ ఇంగ్లీషేగా" అన్నారు. నిజమే. కానీ పేర్లు వదిలేసి క్రియలు చూడండి. కొట్టాడు, బాదాడు, వదిలేశాడు, ఒడిసిపట్టాడు, జారవిడిచాడు, దొరికిపోయాడు. "కొట్టాడు" కి, "కొట్టేశాడు" కి, "కొట్టబోయాడు" కి తేడా తెలిసిన పిల్లవాడికి తెలుగు వచ్చినట్టే లెక్క. ఆ తేడాను నల్లబల్ల మీద వివరించడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆటలో మూడు బంతులు చాలు.

2025 సెప్టెంబర్ 19 మీకు గుర్తుండే ఉంటుంది. శుక్రవారం. ఆ సాయంత్రం అబుదాబిలో ఆసియా కప్‌లో భారత్‌తో మన ఒమన్ ఆడింది. పొద్దున తరగతిలో పిల్లలు ఎవరి పక్షం అని ఇంగ్లీషులో కొట్టుకుంటున్నారు. పాఠం పక్కనపెట్టి, "వాదించుకోండి, కానీ తెలుగులో" అన్నాను. ఒకడు "అన్నం పెట్టే ఊరండీ, ఒమన్" అన్నాడు. ఒక అమ్మాయి "అమ్మమ్మ ఊరు ఇండియాలో ఉంది కదా" అంది. గంట కొట్టినా ఆపలేదు. ఆ సాయంత్రం నలభై మూడేళ్ళ ఆమిర్ కలీమ్ 64 పరుగులు కొట్టాడు, ఒమన్ 21 పరుగుల తేడాతోనే ఓడింది. మరుసటి వారం పిల్లలు నేను అడక్కముందే ఆట మొత్తం చెప్పారు. ఆడపిల్లలకు ఇదెందుకు అనేవాళ్ళకు ఒక్కటే మాట. 2025 నవంబర్‌లో మహిళల ప్రపంచ కప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా శ్రీచరణి ఉంది.

అందుకని మన బడికి నాదొక సూచన. నెలకొకసారి పది నిమిషాలు ఏదైనా ఆట వీడియో ధ్వని తీసేసి పెడదాం. పిల్లలు వంతులవారీగా తెలుగులో చెప్పాలి. క్రికెట్ నచ్చనివారికి ఫుట్‌బాల్ పెడదాం. మధ్యలో ఇంగ్లీషు మాట దొర్లితే ఆపొద్దు, తప్పు దిద్దొద్దు. వాక్యం పూర్తి చేయనిద్దాం. పద్యాలు, వ్యాకరణం మానేయమని నేననడం లేదు. మాట్లాడటం అలవాటైన నోటికి అవి తేలిగ్గా ఎక్కుతాయంటున్నాను.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. ఈసారి ఆట చూసేటప్పుడు ఊళ్ళో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ కలిపి పిల్లల చేతికివ్వండి. మన నాన్నలు, అమ్మలు ఎదురుచూసేది స్కోరు కోసం కాదు, స్కోరు చెప్పే గొంతు కోసం. ఆ గొంతు వాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందుకు మనకున్న సమయం కూడా తక్కువే.